మధ్యాహ్నానికి ఏ కెమెరా అయినా ఒకటే

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు గండికోట అంచున నిలబడి పెన్నా లోయను ఫోటో తీశారనుకోండి. అది మామూలు ఫోనుతో తీసిందో రెండు లక్షల కెమెరాతో తీసిందో వాట్సాప్‌లో చూసేవాళ్లు చెప్పలేరు. కెమెరా దుకాణాల వాళ్లకు ఈ మాట రుచించదు గాని, నిజం. అదే అంచున పొద్దు గుంకాక తీసి చూడండి. లోయ గోడల ఎరుపు ఫోనులో ముద్దగా అలుక్కుపోతుంది. పెద్ద కెమెరాలో ఆ రాతి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు విడివిడిగానే ఉంటాయి. రెంటి మధ్య ధరలో తేడా అంతా ఆ అరగంటలో బయటపడుతుంది.

నడి ఎండలో నేల మీద పడే వెలుతురు సుమారు 1,00,000 లక్స్. మబ్బు కమ్మిన పగలు అది పదో వంతుకో అంతకన్నా తక్కువకో దిగిపోతుంది. సూర్యుడు దిగంతాన్ని తాకే వేళకు 400 దగ్గర ఉంటుంది. రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద 100, మహా అయితే 200. అంటే మధ్యాహ్నం వీధి నుంచి రాత్రి హాలుకు వచ్చేసరికి వెలుతురు దాదాపు వెయ్యి రెట్లు పడిపోయిందన్నమాట. కంటిపాప పెద్దదై, రెటీనా సర్దుకుని ఆ తేడాను మనకు తెలియనివ్వవు. ‘ఇంట్లో వెలుతురు బాగానే ఉందిగా, ఫోటో ఎందుకిలా వచ్చింది’ అని అడుగుతాం. బాగానే ఉందని చెప్పింది మన కన్ను. కెమెరాకు అంత సర్దుబాటు చేతకాదు.

అందుకని కెమెరా కొనే ముందు కంపెనీల పేర్లు, మెగాపిక్సెళ్లు పక్కన పెట్టి మూడు సంగతులు తేల్చుకోవాలి. మీరు ఎక్కువగా తీసేది ఏ వెలుతురులో? ఎంత దూరంలో ఉన్నవాటిని? అవి ఎంత వేగంగా కదులుతాయి? ఈ మూడింటి వెనకా ఉన్న భౌతికశాస్త్రం ఒకటే.

వెలుతురు ధారలా జారే పదార్థం కాదని, ఫోటాన్లనే విడివిడి మోతాదుల్లో వస్తుందని 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించాడు. లోహం మీద వెలుతురు పడితే ఎలక్ట్రాన్లు ఎందుకు ఊడివస్తాయో అలా వివరించాడు. 1921 నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది ప్రధానంగా ఆ పనికే. డిజిటల్ కెమెరాలోని సెన్సర్ చేసేది కూడా దాదాపు అదే పని: సిలికాన్ పలక మీద పడిన ఫోటాన్లు ఎలక్ట్రాన్లను విడిపిస్తాయి, ఒక్కో గడిలో ఎన్ని పోగయ్యాయో లెక్కపెడతారు. చిక్కు ఆ లెక్కలోనే ఉంది. వాన మొదలైనప్పుడు వాకిట్లో పరిచిన కడప బండల్ని చూడండి. తొలి చినుకులకు ఒక బండ మీద మూడు చుక్కలుంటాయి, పక్క బండ మీద ఒక్కటీ ఉండదు. వాన ఒకటే, బండలూ ఒకే కొలత. అయినా మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. గట్టిగా కురిశాక అన్ని బండలూ ఒకేలా తడిసిపోతాయి. చీకట్లో తీసిన ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే గ్రెయిన్‌కు అసలు కారణం ఈ తొలి చినుకుల అసమానతే. ఒక గడిలో సగటున 10,000 ఫోటాన్లు పడితే హెచ్చుతగ్గులు దాని వర్గమూలమంత, అంటే 100 దాకా ఉంటాయి. అది నూటికి ఒకటి, కంటికి ఆనదు. 100 ఫోటాన్లే పడితే హెచ్చుతగ్గులు 10. నూటికి పది. ఇది తయారీ లోపం కాదు. రేపు ఎంత గొప్ప సెన్సర్ వచ్చినా, రాని ఫోటాన్లను లెక్కపెట్టలేదు.

ఫోటాన్లను ఎక్కువగా పట్టాలంటే మూడే దారులు. ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, లేదా లెన్స్ కన్నం పెద్దదై ఉండాలి, లేదా ఆ కన్నం గుండా వచ్చిందాన్ని పరుచుకునేంత పెద్ద పలక ఉండాలి.

కన్నం సంగతి లెన్స్ మీదే రాసి ఉంటుంది. ఎఫ్ 1.8 అంటే ఫోకల్ లెంగ్త్‌ను 1.8తో భాగిస్తే కన్నం వ్యాసం వస్తుందని. ఫోను ప్రధాన లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 6 మి.మీ. అటూఇటూ ఉంటుంది. ఎఫ్ 1.8 దగ్గర దాని కన్నం 3.3 మి.మీ., శనగగింజంత కూడా లేదు. కెమెరాకు తగిలించే 50 మి.మీ. లెన్స్‌లో అదే ఎఫ్ 1.8కి కన్నం దాదాపు 28 మి.మీ. ఒకే దూరంలో కూర్చున్న ఒకే మనిషి ముఖం నుంచి రెండోది పోగుచేసే వెలుతురు మొదటిదానికి 70 రెట్లు. ఫోను ప్రకటనలో ‘ఎఫ్ 1.8’ అని చదివి పెద్ద కెమెరాతో సమానమనుకుంటే మోసపోయేది ఇక్కడే.

సెన్సర్ కొలతల్లోనూ తేడాలు అంతే పెద్దవి. ఫుల్ ఫ్రేమ్ అనేది 36 × 24 మి.మీ., పాత ఫిల్మ్ రీలు చట్రమంత, 864 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సి రకం 367 చ.మి.మీ. దగ్గర. మైక్రో ఫోర్ థర్డ్స్ 225. చేతి సంచిలో పట్టే మేలురకం కెమెరాల్లో ఉండే ‘ఒక అంగుళం’ సెన్సర్ 116. చవక జూమ్ కెమెరాల్లో ఉండే చిన్న పలక 28. ఆ ‘ఒక అంగుళం’ మాట నమ్మకండి. దాని మూలకు మూల కొలిచినా 16 మి.మీ. మించదు. వెనకటి టీవీ కెమెరాల్లో విడికాన్ అనే గాజు గొట్టాలుండేవి. గొట్టం వెలుపలి వ్యాసం అంగుళమైతే లోపల బొమ్మ పడే చోటు 16 మి.మీ. ఉండేది. గొట్టాలు పోయి దశాబ్దాలైంది గాని పెద్దగా వినిపించే ఆ కొలత అమ్మేవాళ్లకు బాగుంది కాబట్టి నిలిచిపోయింది.

ఇక మెగాపిక్సెళ్లు. ఏ-4 కాగితం నిండా నాణ్యంగా, అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 87 లక్షల చుక్కలు చాలు. 4కే టీవీ తెర మొత్తం మీద ఉన్నవే 83 లక్షలు. అంటే 9 మెగాపిక్సెళ్లు దాటిన ప్రతిదీ కత్తిరించుకోవడానికో గోడంత పోస్టరుకో తప్ప పనికిరాదు. ఇవాళ కొత్త కెమెరాల్లో 20కి తక్కువ ఉన్నవి అరుదు. కాబట్టి ఈ అంకెను చూడటం మానేసినా నష్టం లేదు.

పైగా ఆ పిక్సెళ్లలో ఏ ఒక్కటీ మూడు రంగుల్నీ చూడదు. సిలికాన్‌కు రంగు తెలియదు, ఎలక్ట్రాన్ల లెక్క మాత్రమే తెలుసు. అమెరికాలో రోచెస్టర్ పట్టణంలోని కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. గడుల మీద చదరంగం పలకలా ఆకుపచ్చ, ఎరుపు, నీలం వడపోతలు పరిచాడు, మన కన్ను ఆకుపచ్చ ప్రాంతంలో చురుకు కాబట్టి సగం గడులు ఆకుపచ్చకే ఇచ్చాడు. 1976లో పేటెంట్ వచ్చింది. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో 1 కోటి 20 లక్షలు ఆకుపచ్చను, 60 లక్షలు ఎరుపును, 60 లక్షలు నీలాన్ని కొలుస్తాయి. మిగతా రంగుల్ని ఇరుగుపొరుగు గడుల్ని చూసి కెమెరాలోని చిప్ ఊహిస్తుంది. మీ పెళ్లి ఫోటోలో పట్టుచీర రంగుల్లో మూడింట రెండు వంతులు లెక్కకట్టి నింపినవే. అదే కొడాక్‌లో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజినీరు 1975లో తొలి చేతి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. బరువు 3.6 కిలోలు, పొడవులో 100 చుక్కలు, వెడల్పులో 100 చుక్కలు, క్యాసెట్ టేపు మీద ఒక బొమ్మ ఎక్కడానికి 23 సెకన్లు. రెండు కీలకమైన పనులూ ఆ గూటిలోనే జరిగాయి. ఫిల్మ్ అమ్మకాలను నమ్ముకున్న ఆ కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

కెమెరా కంపెనీలను తర్వాత దెబ్బకొట్టింది ఫోను. 2010లో ప్రపంచంలో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు దుకాణాలకు చేరాయి. 2023లో 80 లక్షల లోపే. శనగగింజంత లేని కన్నంతో ఫోను ఇంత పని ఎలా చేసింది? ఒకే బొమ్మను చకచకా చాలాసార్లు తీసి కలుపుతుంది. తొమ్మిది బొమ్మలు కలిపితే ఫోటాన్లు తొమ్మిదింతలు, గ్రెయిన్ తీవ్రత తొమ్మిది వర్గమూలమంత, అంటే మూడో వంతుకు తగ్గుతుంది. మొదట చెప్పిన లెక్కే, తిరగేసి వాడుకున్నారు. గోడ, గుడి గోపురం, పళ్లెంలో పులిహోర లాంటి కదలనివాటికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కదిలేవాటికి ఆ తొమ్మిది బొమ్మలూ ఒకదానితో ఒకటి కలవవు. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి ఊదుతున్న పిల్ల ముఖం ఫోనులో నీళ్లలో నీడలా అలుక్కుపోవడానికి కారణం ఇదే. మీ ఫోటోలన్నీ పగటివి, దగ్గరివి, నిలకడైనవి అయితే ఈ అధ్యాయం ఇక్కడితో ఆపేసి డబ్బు దాచుకోండి. నా మాట నమ్మండి, మీకు కెమెరా అక్కర్లేదు.

ఇప్పుడు దూరం సంగతి. కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుంది. పొడవు సుమారు 30 సెం.మీ., మీకు 30 మీటర్ల దూరంలో ఉంది. సెన్సర్ మీద దాని బొమ్మ ఎంత పొడవుంటుందో తేలిగ్గా లెక్కకట్టొచ్చు: పిట్ట పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో గుణించి దూరంతో భాగించాలి. ఫోను 6 మి.మీ. లెన్స్‌తో అది 0.06 మి.మీ. ఒక్కో గడి మిల్లీమీటరులో వెయ్యో వంతు అనుకున్నా పిట్ట మొత్తానికి దక్కేది 60 చుక్కలు. నీలం మచ్చ పడుతుంది గాని అది పాలపిట్ట అని ఒట్టేసి చెప్పాలి. కెమెరాతో కలిపి వచ్చే కిట్ లెన్స్ 55 మి.మీ. దాకా సాగితే ఏపీఎస్-సి సెన్సర్ మీద 140 చుక్కలు. 400 మి.మీ. లెన్స్ తగిలిస్తే వెయ్యి చుక్కల పైచిలుకు: రెక్కల నీలంలో ఛాయలు, కంట్లో మెరుపు, కాలి గోళ్లు అన్నీ వస్తాయి. పిట్టల ఫోటోలకు కెమెరా బాడీ కంటే లెన్స్ ముఖ్యమనడం వెనక ఉన్నది ఈ మూడో తరగతి గుణకారమే.

అంత లెన్స్ ఖరీదు. అందుకని చాలామంది సూపర్‌జూమ్ అనే రకం వైపు చూస్తారు. లెన్స్ విప్పడానికి వీల్లేని, ఒకే ముక్కగా వచ్చే కెమెరా అది. 2018లో వచ్చిన నికాన్ పి1000 వీటిలో అతిశయం. డబ్బా మీద ‘3000 మి.మీ.’ అని ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ లెక్కలోకి మార్చి చెప్పిన అంకె అది, అసలు ఫోకల్ లెంగ్త్ 539 మి.మీ. మన పాలపిట్ట దాని చిన్న సెన్సర్‌ను అటు చివర నుంచి ఇటు చివర దాకా దాదాపు నింపేస్తుంది. చుక్కల్లో లెక్కిస్తే 4,000. 400 మి.మీ. లెన్స్ ఇచ్చినదానికి నాలుగింతలు! నమ్మొచ్చా?

సగమే నమ్మొచ్చు. వెలుతురు అలలా కూడా నడుస్తుంది కాబట్టి కన్నం గుండా వచ్చాక కాస్త విచ్చుకుంటుంది. దీన్ని వివర్తనం అంటారు. ఎంత మచ్చలేని లెన్స్ అయినా ఒక బిందువును బిందువుగా చూపలేదు, చిన్న బిళ్లగా చూపుతుంది. ఆ బిళ్ల సంగతి 1835లో జార్జ్ ఎయిరీ లెక్కతేల్చాడు: దాని వ్యాసం వెలుతురు తరంగదైర్ఘ్యం, ఎఫ్ అంకె, 2.44 ఈ మూడింటి లబ్ధం. పి1000 జూమ్ చివరికి సాగినప్పుడు ఎఫ్ 8. ఆకుపచ్చ వెలుతురుకు బిళ్ల 10.7 మైక్రాన్లు. ఆ కెమెరా గడి 1.34 మైక్రాన్లు. అంటే ఒక బిళ్ల ఎనిమిది గడుల మీద అటూ ఇటూ పరుచుకుంటోంది. నాలుగు వేల చుక్కల్లో విడివిడి వివరాలు ఐదొందల చిల్లర బిళ్లలంతే. ఇదే లెక్క 400 మి.మీ., ఎఫ్ 5.6 లెన్స్‌కు వేయండి. అక్కడా ఐదొందల ముప్ఫై దగ్గర తేలుతుంది. ఎందుకంటే రెంటి కన్నాలూ దాదాపు ఒకటే. 539ని 8తో భాగిస్తే 67 మి.మీ., 400ను 5.6తో భాగిస్తే 71. దూరాన ఉన్న పిట్ట నుంచి ఎంత వివరం, ఎంత వెలుతురు వస్తాయనేది ఈ కన్నం వ్యాసం తేలుస్తుంది, డబ్బా మీది అంకె కాదు.

కాబట్టి సూపర్‌జూమ్‌ను వెక్కిరించే పండితుల మాట పూర్తిగా ఒప్పుకోలేను. పగటి వెలుతురులో, చెట్టు మీద కదలకుండా కూర్చున్న పక్షికి అది నిజంగానే ఖరీదైన లెన్స్‌తో పోటీ పడుతుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గట్టుకు దగ్గర్లోనే ఉంటాయి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులోనూ అంతే. అక్కడికి ఇలాంటి కెమెరా చాలు. అది ఓడిపోయేది పక్షి ఎగిరినప్పుడు. అంత వేగంగా ఫోకస్ పట్టుకోలేదు, అంత జూమ్‌లో ఎగిరే పక్షిని చట్రంలో నిలపడం మనకూ చేతకాదు. ఒక్క సంగతి మాత్రం ఏ కెమెరా తీర్చలేదు. ఎండాకాలం పది దాటాక నేల మీది వేడిగాలి లేచి దూరపు వస్తువులన్నీ అలలాడతాయి. ఎంత జూమ్ చేస్తే అంత అలలాట పెరుగుతుంది. పరికరం మార్చి లాభం లేదు, తెల్లారగట్లే బయల్దేరాలి.

కదలికకు షట్టర్ స్పీడు మందు. పరుగెత్తే పిల్లాడికి సెకనులో 500వ వంతు, ఎగిరే పాలపిట్టకు 1600వ వంతో 2000వ వంతో కావాలి. తెల్లారగట్టా, పొద్దుగూకే వేళా పక్షులు చురుగ్గా ఉండటం ఫోటోగ్రాఫర్ల దురదృష్టం. ఎంత దురదృష్టమో చూడండి. నడి ఎండలో ఎఫ్ 5.6 లెన్స్‌తో 1600వ వంతు సెకనుకు ఐఎస్ఓ 200 సరిపోతుంది. సూర్యాస్తమయ వేళ వెలుతురు 250 రెట్లు తగ్గింది కాబట్టి అదే స్పీడుకు ఐఎస్ఓ 50,000 కావాలి. ఐఎస్ఓ పెంచితే వెలుతురు పెరగదు, వచ్చిన కొద్దిపాటి లెక్కను పెద్దది చేసి చూపుతుందంతే. లెక్కతో పాటు అందులోని గ్రెయిన్ కూడా పెద్దదవుతుంది. చేతివణుకును ఆపే స్టెబిలైజర్ ఇక్కడ అక్కరకు రాదు. అది మన చేతిని నిలపగలదు, పక్షి రెక్కను నిలపలేదు. దుకాణంలో ఈ రెంటినీ కలిపి చెబుతుంటారు, జాగ్రత్త.

ఇంట్లో ఫోటోలకు వద్దాం. డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు కచ్చితమైన అంకెలు ఇక్కడే ఉన్నాయి. ఏపీఎస్-సి నుంచి ఫుల్ ఫ్రేమ్‌కు మారితే పలక వైశాల్యం 2.35 రెట్లు పెరుగుతుంది. ఖర్చు లక్ష దాటుతుంది, లెన్సుల బరువూ ధరా వేరే. ఏపీఎస్-సి కెమెరానే ఉంచుకుని, ఎఫ్ 5.6 కిట్ లెన్స్ తీసేసి ఎఫ్ 1.8 లెన్స్ పెడితే సెన్సర్ మీద పడే వెలుతురు దాదాపు పది రెట్లు పెరుగుతుంది. ఐఎస్ఓ 6400 దగ్గర తీయాల్సింది 640 దగ్గర తీస్తాం. ఆ లెన్స్ జూమ్ కాదు, మనమే ముందుకూ వెనక్కూ నడవాలి. అందరూ 50 మి.మీ. కొనమంటారు. చవక కూడా. కాని ఏపీఎస్-సి మీద దాని చూపు ఇరుకు, మన గదుల్లో వెనక్కి జరుగుదామంటే గోడ అడ్డం వస్తుంది. 30, 35 మి.మీ. దగ్గరి లెన్స్ అయితే భోజనాల బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ పడతారు.

ఇంట్లో ఇంకో చిక్కుంది. చవక ఎల్ఈడీ దీపాల కింద తీసిన ఫోటోలో అడ్డంగా నల్లని పట్టీలు కనిపిస్తాయి. కెమెరా చెడిపోయిందని భయపడనక్కర్లేదు. మన కరెంటు సెకనుకు 50 చక్రాలు తిరుగుతుంది, ఆ దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. చాలా కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ బొమ్మను ఒక్కసారిగా తీయదు, వరస తర్వాత వరసగా చదువుతుంది. చదువుతుండగా దీపం మిణికితే కొన్ని వరసలు నల్లబడతాయి. షట్టర్ స్పీడు సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో మారిస్తే పట్టీలు మాయమవుతాయి. అమెరికాలో కరెంటు 60 చక్రాలు కాబట్టి డాలస్‌లో బతుకమ్మ ఆడేవాళ్లను తీసేవాళ్లు 60, 120 వాడుకోవాలి.

రామప్ప గుడికి వెళితే సమస్య మారిపోతుంది. 1213 నాటి ఆ గుడి చూరు కింద నల్లరాతి మదనికలున్నాయి. పైన మండుతున్న ఆకాశం, కింద నీడలో నిగనిగలాడే నల్లని శిల్పం. శిల్పానికి వెలుతురు సరిచేస్తే ఆకాశం తెల్లగా పేలిపోతుంది, ఆకాశానికి సరిచేస్తే మదనిక నల్లబొమ్మైపోతుంది. మంచి సెన్సర్ ఒకే బొమ్మలో నాలుగు వేల రెట్ల నుంచి పదహారు వేల రెట్ల దాకా వెలుగునీడల తేడాను పట్టగలదు. దాన్ని జేపెగ్‌గా దాచుకుంటే ఒక్కో రంగుకు 256 మెట్లే మిగులుతాయి. రా ఫైలుగా దాచుకుంటే 14 బిట్ల కెమెరాలో 16,384 మెట్లు. అప్పుడు ఆకాశం పేలకుండా కాస్త చీకటిగానే తీసుకుని, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో శిల్పాన్ని వెలుగులోకి లాగొచ్చు. రా తీయలేని కెమెరాను ఎంత తక్కువకిచ్చినా కొనను.

ఎండలో తిరిగేవాళ్లు తప్పక చూసుకోవాల్సింది వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే గూడు. లక్ష లక్స్ ఎండలో వెనక తెర మీద మీ ముఖమే కనిపిస్తుంది. ధర తగ్గించడానికి ఈ గూడు తీసేసిన కెమెరాలు బాగా అమ్ముతున్నారు. ఇంట్లో వీడియోలు తీసుకునేవాళ్లకు అవి బాగుంటాయి. కొల్లేరులో పడవ మీద కూర్చున్నప్పుడు ఎందుకూ కొరగావు. ఆ పడవ మీదే అక్కరకొచ్చే ఇంకో వస్తువు పోలరైజర్ ఫిల్టర్. నీటి మీద నుంచి ఒక వాలులో, నిలువు గీతకు 53 డిగ్రీల దగ్గర తళుక్కున మెరిసే వెలుతురు ఒకే తలంలో ఊగుతుంది. ఫిల్టర్‌ను తిప్పితే ఆ మెరుపు కొట్టుకుపోయి నీటి లోపలి నాచు, చేప కనిపిస్తాయి. కంప్యూటర్‌లో ఎన్ని కిటుకులు చేసినా ఈ ఫలితం రాదు. మెరుపు కింద దాగినది ఫైల్లో ఉంటే కదా! బదులుగా అది సగానికి పైగా వెలుతురు తినేస్తుంది, కాబట్టి పగలే వాడాలి.

బరువు గురించి ఎవరూ ముందే ఆలోచించరు. కన్నం పెద్దదైతే గాజు పెద్దది, గాజు పెద్దదైతే మెడ నొప్పి. భౌతికశాస్త్రంలో దీనికి తప్పించుకునే దారి లేదు. పాపికొండల్లోనో నల్లమలలోనో రోజంతా నడిచేవాళ్లకు కెమెరా, లెన్స్ కలిపి కిలో లోపు ఉండటం మేలని నా అభిప్రాయం. జలపాతాల్లో దిగేవాళ్లకు, వాన లెక్కచేయనివాళ్లకు ఓఎం సిస్టమ్ వాళ్ల టఫ్ రకం కెమెరా ఉంది. 15 మీటర్ల లోతు దాకా నీళ్లలో పనిచేస్తుంది. సెన్సర్ చిన్నది, సాయంత్రం పనికిరాదు, అయినా నీళ్లలో పడిన ఫుల్ ఫ్రేమ్ కంటే నయం. మామూలు కెమెరాలకు ‘వెదర్ సీల్డ్’ అని రాసి ఉంటే తుంపరకు ఓర్చుకుంటాయని అర్థం. లెన్స్‌కు కూడా ఆ రబ్బరు అంచు లేకపోతే ఆ మాటకూ విలువ లేదు.

మన కోస్తాలో కెమెరాకు వాన కంటే పెద్ద శత్రువు గాలిలోని తేమ. విశాఖలో హోటల్ గదిలో ఏసీ 22 డిగ్రీల మీద పెట్టుకుని పడుకుని, పొద్దున్నే రుషికొండ తీరానికి పోయి కెమెరా తీస్తే లెన్స్ తెల్లబడుతుంది. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకుంటే, 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా గాలిలోని నీరు చెమ్మగా పట్టేస్తుంది. గుడ్డతో తుడిచినా మళ్లీ పడుతుంది. లోపలి గాజుల మీద, సర్క్యూట్ల మీద పట్టింది తుడవనూ లేం. సంచీ మూసే ఉంచి అరగంట బయటి వేడికి అలవాటు పడనిచ్చి అప్పుడు తీయాలి. ఇంట్లో బీరువాలో, తోలు కవరులో, బట్టల మధ్య దాచిన కెమెరాకు వర్షాకాలం దాటేసరికి లెన్స్ లోపల ఫంగస్ సాలెగూడులా అల్లుకుంటుంది. దాని కాళ్లు గాజు పూతను తినేస్తే బాగుచేయడం కుదరదు. వంటింట్లో వాడే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, నాలుగు సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపే చిన్న మీటరు ఉంటే చాలు. ముల్లు 40, 50 మధ్య ఉండాలి.

కొత్తది కొనాలా, వాడినదా? అద్దం కదిలే డీఎస్ఎల్ఆర్‌లను కానన్, నికాన్ రెండూ పక్కన పెట్టేశాయి. వాటి నుంచి 2020 తర్వాత కొత్తవి రాలేదు, శ్రద్ధంతా అద్దం లేని మిర్రర్‌లెస్ మీదే. దాంతో నిన్నటి మంచి డీఎస్ఎల్ఆర్‌లు పాత సామాన్ల ధరకు వస్తున్నాయి. వాటి సెన్సర్లు ఫోటాన్లు పట్టడం మరచిపోలేదు. బ్యాటరీ ఒక్క ఛార్జింగ్‌తో వెయ్యి దరిదాపు ఫోటోలు తీస్తుంది. మిర్రర్‌లెస్ 300, 400 దగ్గర అలసిపోతుంది. మిర్రర్‌లెస్ గెలిచేది ఫోకస్‌లో. పిట్ట కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది, ఎగిరే పక్షులు తీసేవాళ్లు దానికే పోవాలి. కదలని గుళ్లు, కొండలు తీసేవాళ్లకు పాతదే చాలు. మిగిలిన డబ్బుతో లెన్స్ కొనుక్కోవచ్చు.

వాడిన లెన్స్ తీసుకునేటప్పుడు ఫోను టార్చి వెలిగించి వెనక గాజు నుంచి లోపలికి కొట్టి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దారాల్లాంటివి కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు. దుమ్ము రేణువులు నాలుగైదు ఉంటే ఫరవాలేదు, ఫోటోలో కనిపించవు. కొత్తదైనా పాతదైనా మీ సొంత మెమరీ కార్డు వెంట తీసుకెళ్లండి. దుకాణం గుమ్మంలో వెలుగు పడేచోట తీసి చూపిస్తే ఒప్పుకోకండి. వెనక గోదాము మూల, అట్టపెట్టెల మధ్య చీకటిగా ఉన్నచోట ఐఎస్ఓ 3200 దగ్గర పది ఫోటోలు తీసి ఇంటికి తెచ్చుకుని, పెద్ద తెర మీద పెట్టి అట్టపెట్టెల మీది చిన్న అక్షరాలు చదవగలరేమో చూడండి. బేరం ఆ తర్వాత.